పక్క మంచం వాళ్ళు

జనవరి 6, ఉదయం 11

వచ్చేసింది! ఎథిక్స్ కమిటీ ఉత్తరం వచ్చేసింది! కాళ్ళు భూమ్మీద నిలవట్లేదు. ఫిజియోథెరపీ గదిలో ఎవరూ లేరు కదా అని గిర్రున ఒక చుట్టు తిరిగాను. తలుపు దగ్గర ఆయా చూసింది. చూస్తే చూసిందిలే.

ఎనిమిదేళ్ళు. చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. పక్షవాతం వచ్చినవాళ్ళని వారం ఉంచుకుని ఇంటికి పంపిస్తాం, వ్యాయామానికి రోజూ రమ్మంటాం. ఎవరొస్తారు? ఒక కాలు ఈడ్చుకుంటూ రెండు బస్సులు మారి ఎవడొస్తాడండీ? రారు. మూడు నెలలకి ఆ కాలు కర్రలా బిగుసుకుపోయాక చూపించడానికొస్తారు. అందుకని ఇంటివాళ్ళకే నేర్పేద్దామంటాను నేను. భార్యకో కొడుక్కో కూతురికో, ఐదు రోజులు, రోజుకో గంట. నవ్వారు. సూపరింటెండెంట్ గారైతే వంట నేర్పినట్టు నేర్పేస్తావా అన్నారు.

ఇప్పుడు నవ్వమనండి. స్టడీకి ఒప్పుకున్నారు. నూట ఇరవై మంది పేషెంట్లు. సగం మంది ఇంటివాళ్ళకి నేను నేర్పుతాను. మిగతా సగానికి మామూలుగా ఇచ్చే సలహా కాగితం. మూడు నెలలకి అందర్నీ నడిపించి చూస్తారు. తేడా కనిపించిందా, అన్ని ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ ఇంటివాళ్ళకి నేర్పిస్తారు. కనిపించలేదా, నేను జన్మలో ఈ మాట ఎత్తకూడదు.

కనిపిస్తుంది. నాకు తెలుసు.

జనవరి 9

స్టడీ లెక్కలు చూడ్డానికి ఒకావిడ వచ్చింది. లెక్కల మేడం. మనిషి సన్నం, గొంతు ఇంకా సన్నం, మాట మాత్రం మేకు దిగ్గొట్టినట్టుంటుంది. పేషెంట్ల నడక నేను కొలవకూడదట. ఆశ ఉన్నవాళ్ళ చేతిలో స్టాప్‌వాచ్ పెడితే బొటనవేలు అబద్ధం ఆడుతుందట. ఒళ్ళు మండింది. తర్వాత ఆలోచిస్తే నిజమే అనిపించింది. నేనైతే రెండు సెకన్లు తేలిగ్గా నొక్కేసేదాన్ని.

మరి ఎవరు కొలవాలి? డిపార్ట్‌మెంట్‌లో ఉన్నది ఇద్దరమే. నేనూ, మా ఆయనా.

అంచేత రూలు ఇదీ. ఎవరు ఏ గుంపో ఆయనకి తెలియకూడదు. ఎవరికెన్ని సెకన్లు వచ్చాయో నాకు తెలియకూడదు. ఇంట్లో కూడా పేషెంట్ల ఊసెత్తకూడదు. లెక్కల మేడం ఇద్దరి చేతా సంతకాలు పెట్టించుకుంది. పెళ్ళి రిజిస్టర్లో కూడా ఇంత భయపడుతూ పెట్టలేదు నేను.

జనవరి 20

మొదటి కవరు చించాను! ఎవరు ఏ గుంపో లెక్కల మేడం ముందే చీటీలు కలిపి కవర్లలో పెట్టి అంటించింది. లోపల చీటీ మీద ‘నేర్పు’ అని ఉంది. ఏడో మంచం, టైలర్ గారు. కుడి కాలూ చేయీ పడిపోయాయి. ఆయన భార్యని గదిలోకి తీసుకెళ్ళి తలుపేసి మొదలుపెట్టాను. పొడుగు తువ్వాలు నడుముకి చుట్టడం, వెనక ముడి పట్టుకోవడం, మన మోకాలు ఆయన మోకాలికి ఆనించి లేపడం. టైలరమ్మ గట్టి మనిషి. రెండోసారికే పట్టు దొరికింది. ముప్పై ఏళ్ళ నుంచీ ఈయన్ని లేపుతూనే ఉన్నానమ్మా, పొద్దున్నే ఓ పట్టాన లేస్తాడా అంది.

వేరేవాళ్ళకి చూపించకూడదని చెప్పాను. తలూపి, అలాగేనని కాగితం మీద సంతకం పెట్టింది.

జనవరి 21

ఎనిమిదో మంచం డ్రైవర్ గారి కవర్లో ‘మామూలు’ వచ్చింది. ఆయన కూతురు, పాతికేళ్ళుంటాయేమో, పక్కావిడకి నేర్పి మాకెందుకు నేర్పరక్కా అని అడిగింది. చీటీలో అలా వచ్చిందమ్మా, ఏది మంచిదో ఇంకా తెలీదు కదా అన్నాను. తెలీదు అనే మాట నా నోట్లోంచి సగమే వచ్చింది. ఆ పిల్ల సలహా కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది. మనసు చివుక్కుమంది.

ఫిబ్రవరి 14

అత్తయ్య మేమిద్దరం మాటలు మానేశాం అనుకుంటోంది. ఏం జరిగిందర్రా అని ఆయన్ని పక్కకి పిలిచి అడిగిందట. ఆసుపత్రి రూలమ్మా అంటే, మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకోకూడదని ఏ ఆసుపత్రిలో రూలుందిరా అని కేకలేసింది.

మార్చి 3

ఇరవై ఏడు మంది చేరారు! ఈ లెక్కన దసరాకల్లా నూట ఇరవై నిండితే దసరా బుల్లోడిలా గంతులేస్తాను... ఛీ, ఏం రాస్తున్నానో. సంతోషంలో పెన్ను ఎటు పోతోందో తెలియట్లేదు.

ఏప్రిల్ 22, మధ్యాహ్నం 1

ఈరోజు నుంచీ కొలతలు. కారిడార్లో నేల మీద పసుపు టేపు అంటించారు, ఈ చివర్నుంచి ఆ చివరికి పది మీటర్లు. తలుపు అవతల ఆయన. ఇవతల నేను. టైలర్ గారి చెప్పుల చప్పుడు వినిపించింది. టప్పు, టప్పు, టప్పు. ఈడ్చుకుంటున్న చప్పుడు కాదు! తలుపు తీసి చూద్దామని చేయి వేశాను కూడా. లెక్కల మేడం మొహం గుర్తొచ్చి తీసేశాను.

భోజనాల దగ్గర ఆయన మొహంలోకి చూశాను. పప్పు బాగుందా అన్నాను. బాగుంది అన్నాడు. అంతే. కడుపుబ్బి చచ్చిపోయేలా ఉన్నాను.

మే 11

మా ఆయన వాలకం బాగాలేదు. కారిడార్లోంచి వచ్చి నోట్‌బుక్ చూస్తాడు, తల గోక్కుంటాడు, మళ్ళీ చూస్తాడు. ఈరోజు కొత్త స్టాప్‌వాచ్ తెప్పించుకున్నాడు. ఎందుకని నేను అడక్కూడదు, ఆయన చెప్పకూడదు. కొంపదీసి అందరూ అధ్వాన్నంగా నడుస్తున్నారా?

జూన్ 12, ఉదయం 10

కొంప మునిగింది. వరసగా రాస్తే తప్ప కుదుటపడను.

ఓపీ దగ్గర జనం. మందుల లైన్లో డ్రైవర్ గారు బల్ల మీంచి లేస్తున్నారు. కూతురు లేపుతోంది. నడుముకి తువ్వాలు. వెనక ముడి. మోకాలికి మోకాలు. అచ్చం నేను నేర్పే పట్టు! ఒక్క క్షణం ఎంత ముచ్చటేసిందో. పరుగెత్తుకెళ్ళి వాటేసుకుందామనిపించింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆయన ‘మామూలు’ గుంపు.

ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని అడిగాను. ఆ పిల్ల బెదిరిపోయింది. టైలర్ ఆంటీ నేర్పిందక్కా, మీకు చెప్పొద్దంది అంది.

అదే రోజు, సాయంత్రం 4

కూర్చుని ఆలోచిస్తున్నాను. ఎంతమందికి నేర్పేసిందో ఈ మహాతల్లి! రెండు గుంపులూ ఒకే పని చేస్తే తేడా ఎక్కణ్ణించి వస్తుంది? లెక్కలో సున్నా వస్తుంది. సున్నా వస్తే నేర్పినా నేర్పకపోయినా ఒకటే అని రాసేస్తారు. నా పని ఫలించడం వల్లే నా పని మూలపడుతుంది. దీన్ని మింగలేను, కక్కలేను. మా ఆయనకి చెప్పే వీల్లేదు. ఒక్క ఉపాయం ఉంది. ఆదివారం వెళ్ళి టైలరమ్మ నోరు మూయించాలి.

జూన్ 15

వెళ్ళాను. దులిపేద్దామనే వెళ్ళాను. దారిపొడుగునా మాటలు కూర్చుకున్నాను.

వాళ్ళ ముందుగదిలో కుట్టు మిషను గోడకి జరిపేసి ఉంది. నాలుగు కుటుంబాలు. నలుగురు పేషెంట్లు బెంచీ మీద వరసగా కూర్చుని లేవడం, కూర్చోవడం. మధ్యలో టైలరమ్మ, మెడలో కొలతల టేపుతో, లెక్క పెడుతోంది. టైలర్ గారేమో మూల స్టూలు మీద కూర్చుని నేను చేసి చూపిస్తాను చూడండి అంటున్నారు. నలుగురిలో ముగ్గురు నా ‘మామూలు’ వాళ్ళే.

ఇదేం పని, సంతకం పెట్టావు కదా అని అడిగాను. ఆవిడ తడబడను కూడా లేదు. పెట్టానమ్మా, కానీ పక్క మంచం ఆయన లేవలేక జారిపోతుంటే, ఆ పిల్ల ఏడుస్తుంటే, నాకు తెలిసీ చూస్తూ ఊరుకోమంటారా, మీరైతే ఊరుకుంటారా అంది.

ఊరుకుంటాను అని చెప్పడానికి నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే చివర కూర్చున్న పెద్దాయన లేవబోయి పక్కకి ఒరిగారు. కొడుకు పట్టు తప్పు, చెయ్యి చంకలో పెట్టాడు. అలా పెడితే భుజం జారిపోతుంది. నా చేతులు ఊరుకుంటేనా! ఒక్క గెంతులో వెళ్ళి పెద్దాయన్ని పట్టుకున్నాను. తువ్వాలు సరిచేశాను. కొడుకు చేతిని ముడి మీద పెట్టాను. మోకాలు ఇలా బాబూ అన్నాను. పెద్దాయన నిటారుగా నిలబడ్డారు. నవ్వారు. నేనూ నవ్వాను. గదంతా చప్పట్లు.

ఆ పెద్దాయన ‘మామూలు’ గుంపు. కవరు చించింది నేనే.

అంటే ఇప్పుడు దొంగని నేనే.

జూన్ 16

ఎవరికీ చెప్పలేదు.

జూన్ 17

ఇవాళ కూడా.

జూన్ 18, మధ్యాహ్నం 12

చెప్పేశాను. లెక్కల మేడం గదికెళ్ళి, కూర్చోకుండా, ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేశాను. టైలరమ్మ సంగతి, పెద్దాయన సంగతి, నోరు మూయించడానికి వెళ్ళిన సంగతి కూడా. ఏడుపొచ్చేసింది. తిడుతుందనుకున్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని ఎంతమంది అని అడిగింది. తెలీదన్నాను. అయితే తెలుసుకుందాం అని లేచి ఫోన్ నా ముందుకి తోసింది. సన్న గొంతులో ఏదో ఉంది. హుషారు!

జూన్ 23

ఐదు రోజులుగా ఫోన్లే. ఇప్పటిదాకా చేరింది యాభై ఎనిమిది మంది, అందులో ‘మామూలు’ ఇరవై ఎనిమిది. వాళ్ళలో నేర్చుకున్నది ఎంతమందో తెలుసా? ఇరవై ఒక్కరు! టైలరమ్మ నేర్పింది ఆరుగురికే. మిగతా పదిహేను మంది? ఒకరు స్కానింగ్ దగ్గర కూర్చున్నప్పుడు. ఇంకొకరు బస్సు కోసం చూస్తూ. ఒకావిడ మెట్ల మీద. ఒకాయన ఫోన్లో వీడియో చూసి. ఆరుగురి దగ్గర నేర్చుకున్నవాళ్ళు మళ్ళీ ఇంకొకరికి, వాళ్ళు మళ్ళీ ఇంకొకరికి. లెక్కల మేడం గోడ మీద కాగితం అంటించి గీతలు గీసింది. ఏడో మంచం నుంచి ఎనిమిదికి, ఎనిమిది నుంచి పన్నెండుకి. చూస్తుంటే ఒళ్ళు పులకరించింది. నేను గది తలుపేసి ఎంత జాగ్రత్తగా నేర్పానో! నా తలుపు ఎవరిక్కావాలి?

నన్ను పీకేసినా సరే. ఇది చూశాను, చాలు. కాదు, చాలదు. పీకకూడదు.

జూన్ 24

ఇక దాచేదేమీ లేదు కాబట్టి ఆయనకి చెప్పొచ్చని మేడం అనుమతిచ్చింది. పొద్దున టీ తాగుతూ చెప్పాను. ఆయన కప్పు కింద పెట్టి తల పట్టుకున్నాడు. ఆర్నెల్ల మాటలు ఒక్కసారిగా బయటికొచ్చాయి. పాత నోట్‌బుక్కుల్లో మూడు నెలలకి పది మీటర్లు ఇరవై అయిదు సెకన్లు ఉండేదట. ఇప్పుడు పదిహేను, పదహారు. ఎవరొచ్చినా అంతేనట. స్టాప్‌వాచ్ పాడైందనుకున్నాడట! బ్యాటరీ మార్చాడు, కొత్తది తెప్పించాడు, చివరికి టేపు తెచ్చి కారిడార్ కూడా మళ్ళీ కొలిచాడట, పది మీటర్లు ఉందో లేదోనని. ఇద్దరం పడీ పడీ నవ్వాం. అత్తయ్య వచ్చి, హమ్మయ్య, కలిసిపోయారా అంది.

ఆ సెకన్ల సంగతి పరుగున వెళ్ళి మేడంకి చెప్పాను. ఆవిడ నీళ్ళు చల్లింది. అది రుజువు కాదట. ఈ ఏడాది జబ్బు తక్కువున్నవాళ్ళు వచ్చారేమో, ఎవరికి తెలుసు అంది. రుజువు కావాలంటే సరిగ్గా అడగాలి, మనం తప్పుగా అడిగాం అంది.

జూలై 8, మధ్యాహ్నం 2

కమిటీ. ఏడుగురు. నేను రాసిచ్చిన కాగితం గట్టిగా చదివారు. రూలు తెలిసే ఆ పెద్దాయన్ని పట్టుకున్నారా అని ఒక సీనియర్ డాక్టర్ అడిగారు. తెలిసే అన్నాను. ఎందుకు అన్నారు. పడిపోతున్నారు సార్ అన్నాను. ఆయన ఏదో రాసుకున్నారు. ఈ స్టడీ ఇక పనికిరాదని ఇంకొకాయన తేల్చేశారు.

అప్పుడు లెక్కల మేడం లేచింది. మంచం నుంచి మంచానికి పాకేదాన్ని మంచాలు విడదీసి పరీక్షించలేం, ఆసుపత్రులు విడదీసి పరీక్షించాలి అంది. ఎనిమిది ఆసుపత్రులు. ఏది ఎప్పుడు మొదలుపెట్టాలో చీటీలు తీద్దాం. మొదలుపెట్టిన చోట వార్డు వార్డంతా నేర్చుకుంటుంది. మొదలుపెట్టని చోట మామూలు. ఏడాదిన్నరకి అన్నిచోట్లా వస్తుంది, ఎవరినీ వదిలేసినట్టు ఉండదు, తేడా ఉంటే కనిపిస్తుంది అంది. మేకు దిగ్గొట్టినట్టు చెప్పింది తల్లి! సూపరింటెండెంట్ గారు నవ్వలేదు. ఎన్ని తువ్వాళ్ళు కావాలి అని అడిగారు.

నిర్ణయం తర్వాత చెబుతారట.

జూలై 15

ఫోన్ మోగితే ఉలిక్కిపడుతున్నాను. బీమా వాడు.

జూలై 21, ఉదయం 11

ఒప్పుకున్నారు! ఒప్పుకున్నారు! ఎనిమిది ఆసుపత్రులు!

పాత స్టడీ ఆపేశారు. నా మీద ఒక హెచ్చరిక కాగితం. కొత్తదానికి మొదటి పేరు లెక్కల మేడంది, నాది నాలుగోది. కొంచెం కలుక్కుమంది, అబద్ధమెందుకు. ఎనిమిదేళ్ళు మోసింది నేను కదా. ఐదు నిమిషాలు మూతి ముడుచుకుని కూర్చున్నాను. ఆరో నిమిషంలో టైలరమ్మకి ఫోన్ చేశాను. ఇప్పుడు బాహాటంగా చెప్పొచ్చామ్మా అని అడిగింది. చెప్పు తల్లీ, మైకు పెట్టుకుని చెప్పు అన్నాను.

ఎనిమిదింటిలో మా ఆసుపత్రి లేదు. ఇక్కడ మామూలు అనేది మిగల్లేదట.

ఆగస్టు 2

పొద్దున తొమ్మిదో మంచంలో కొత్తాయన చేరారు. భార్య బెదురుచూపులు చూస్తూ నిలబడి ఉంది. నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి పదో మంచం పేషెంటు భార్య అప్పటికే లేచి, కొంగు దోపుకుని, తువ్వాలు విప్పుతోంది.

నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను.