జన్‌ఫ్రీని వారి సీటు

మొదేనా, ఏప్రిల్

బంగారు నానమ్మకి,

ఫోన్లో నీకు సగమే వినబడుతుంది. ఇది అరిచి చెప్పే మాట కాదు. అందుకే ఉత్తరం.

తాతయ్య కారు పందేల టీము మళ్ళీ లేచింది. నేను బడికెళ్ళే రోజుల్లో మూతపడ్డ షెడ్డుని ఎరువుల వ్యాపారి ఫాల్కీ గారు కొని తెరిపించారు. నీలం కారు మీద ‘జన్‌ఫ్రీని’ అని మన ఇంటిపేరు రాస్తుంటే ఎర్మెస్ మామ ముక్కు చీదుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు. తాతయ్య నాటి మెకానిక్కుల్లో మిగిలింది ఆయనొక్కడే కదా. కారు నడిపేది నేను. ‘మనవరాలు వచ్చింది’ అని పేపర్లో నా ఫోటో వేశారు, చూసే ఉంటావు.

ఆ ఫోటో చూస్తే నాకు తలెత్తుకోబుద్ధి కావడం లేదు. అవసరానికి ఉండనీ అని రెంజో అనే ఇంకో డ్రైవర్ని పెట్టుకున్నారు. రవెన్నాలో రొట్టెలు కాల్చే వాళ్ళ అబ్బాయి. అదే కారు, అవే టైర్లు. నేను ఒళ్ళు హూనం చేసుకుని తెచ్చిన టైముని వాడు ఈల వేసుకుంటూ దాటేస్తాడు. నిన్న భోజనాల దగ్గర, నేను తలుపు వెనకున్నానని తెలియక ఒక మెకానిక్ అన్నాడు: “మన కారుని నడిపేది మనిషి కాదురా, ఇంటిపేరు.” అందరూ నవ్వారు. ఎర్మెస్ మామ నవ్వలేదు. కాదనీ అనలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

వాళ్ళన్నది నిజం. ఓడిపోతున్నా నాన్న స్టీరింగ్ వదల్లేదు, టీము అలాగే మునిగింది. నేనూ అదే పని చేస్తే ఈసారి లేపేవాళ్ళుండరు. సీటు రెంజోకి ఇమ్మని రేపు చెప్పేస్తాను.

నీ ఒర్నెల్లా


మొదేనా, మే

నానమ్మా,

ఫాల్కీ గారు మండిపడ్డారు. “నీ పేరు చూసే కదమ్మా జనం టికెట్లు కొన్నది! రొట్టెలవాడి కోసం ఎవడొస్తాడు?”

“కారు వెనకబడితే అదే పేరు చూసి నవ్విపోతారండీ,” అన్నాను. గొణుక్కుంటూ ఒప్పుకున్నారు.

నిన్న పందెం. వాన. నేను ట్రాకు పక్క గోడ దగ్గర నిలబడి రెంజోకి వాడి స్థానం రాసిన బోర్డు చూపిస్తున్నాను. ‘ఎంత మంచి మనసు’ అని జనం నన్ను చూసి చప్పట్లు కొట్టారు. వాడు ఒక్కొక్కళ్ళనే దాటుకుంటూ ఐదో స్థానానికొచ్చాడు. అప్పుడు పెద్ద వంపులో కారు జారి, గిర్రున తిరుగుతూ గడ్డిలోకి పోయింది.

ఎలా రాయను? నా గుండె సంతోషంతో ఎగిరింది నానమ్మా. వాడికేమైందో అని కాదు, ‘వీడూ నాలాంటివాడే’ అని. పక్కన ఎర్మెస్ మామ “మడోన్నా, మేరీ మాతా, పిల్లాణ్ణి కాపాడు తల్లీ” అంటున్నాడు. తాతయ్య పేరు బురదలో పడుంటే నేను లోపల నవ్వుకున్నాను.

రెంజో ఎలాగో కారు రోడ్డెక్కించి ఏడో స్థానంలో ముగించాడు. ఇన్నేళ్ళకి మన కారు ఒక పందెంలో చివరిదాకా పరిగెత్తింది. మామ నన్ను వాటేసుకుని, “అంతా నీ వల్లే తల్లీ” అన్నాడు. చెంప మీద కొట్టినా అంత నొప్పెట్టేది కాదు. అందరూ లంబ్రుస్కో వైను తాగుతుంటే రెంజోని ట్రక్కు చాటుకి పిలిచాను.

“నువ్వు జారినప్పుడు నాకు సంతోషమేసింది,” అన్నాను.

వాడు అడిగాడు: “ఎంత?”

“చాలా.”

“ప్రాక్టీసులో నువ్వు నడిపినన్నాళ్ళూ ఆ వంపులోనే జారాలని నేను మొక్కుకున్నాను. మా అమ్మ కొలిచే సెయింటుకి కొవ్వొత్తులు కూడా వెలిగించాను. నువ్వు ఊరికే సంతోషించావు, నాకు చేతి చమురు వదిలింది.”

నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపు. వాడు మాత్రం నవ్వలేదు.

“ఎన్ని వెలిగించినా నువ్వక్కడ ఒక్కసారీ జారలేదు. ఎలా తిప్పుతావో నేర్పుతావా?”

ఇవాళ పొద్దున్నే ట్రాకుకి వెళ్ళాం. వాడు గొడుగేసుకుని వంపు దగ్గర నిలబడ్డాడు. నేను ఆ వంపు తిప్పి, కారు ఆపి హెల్మెట్ అద్దం పైకెత్తాను.

“మళ్ళీ,” అన్నాడు.

నీ ఒర్నెల్లా