వెల్డరు రొడీలియో స్థిరపడే ఏర్పాట్లు

కిటివేక్ కోవ్, న్యూఫౌండ్‌లాండ్

అయ్యా క్లారెన్స్ విఫెన్ గారూ,

నమస్కారం. పడవలు కట్టే మా షెడ్డు వెల్డరు ఆల్బర్టా చమురు బావులకు వెళ్లిపోయాడు. ఏడాదిగా ప్రకటనలు వేస్తున్నాను. ఒక్కడొచ్చాడు, వాడూ దారి తప్పి వచ్చాడు. పీతల వేట మొదలయ్యేలోగా రెండు పడవలు నీళ్లలోకి దించకపోతే షెడ్డుకు తాళమే. మీ అట్లాంటిక్ వలస పథకం కింద సముద్రాలకవతల సెబూ దీవి నుంచి రొడీలియో అబాయన్ అనే వెల్డరును ఇప్పించండి. అతని అతుకు వీడియోలో చూశాను. మా అమ్మ అల్లిక కూడా అంత తీరుగా ఉండేది కాదు.

ఇట్లు,
ఆంబ్రోస్ పార్డీ

తా.క.: మీ దరఖాస్తు ఫారంలో ‘వచ్చినవారు ఇక్కడ స్థిరపడేందుకు మీరేం చేస్తారు?’ అని అడిగారు. మా చెల్లెలు ఫిలొమీనా ఉంది. భర్త పోయి చాలా కాలమైంది. ఫొటో జతపరిచాను.

*

సెయింట్ జాన్స్, వలస కార్యాలయం

పార్డీ గారికి,

స్థిరపడటమంటే పెళ్లి కాదండీ. ఇల్లు, బడి, వైద్యం, భాష. వీటిలో మీరు చేసే సాయమేమిటో రాయాలి. అది లేనిదే ఫైలు కదలదు.

తమ విధేయుడు,
క్లారెన్స్ విఫెన్

తా.క.: అభ్యర్థికి భార్య, ముగ్గురు పిల్లలు ఉన్నారు. మీరు పంపిన కాగితంలోనే ఉంది.

*

అయ్యా విఫెన్ గారూ,

ఆ సంగతి చెబితే ఫిలొమీనా నా మీద విరుచుకుపడింది. “నా ఫొటో సర్కారుకు పంపడానికి నేనేమన్నా తప్పిపోయానా?” అంది. కాస్త చల్లబడ్డాక, తన ఇంటి మేడమీద వాటా వాళ్లకిస్తానంది. బడి ఉంది, పిల్లలే లేరు. డాక్టరు లేడు, మీ దగ్గరికెవరైనా వస్తే ఇటు తోలండి. ఇక భాషంటారా, రొడీలియో ఇంగ్లీషు బాగానే ఉంది. ఫోనులో నేను మాట్లాడిందే అతనికి అర్థం కావడంలేదు. ఆ శిక్షణేదో నాకిప్పిస్తారా?

ఇట్లు,
ఆంబ్రోస్

తా.క.: ఫొటో వెనక్కి పంపమంటోంది. కోపంగానే అంటోంది.

*

పార్డీ గారికి,

ఫైలు కదిలింది. ఇల్లు అనువుగా ఉందో లేదో చూడటానికి గురువారం స్వయంగా వస్తున్నాను. తపాలాలో పోతుందేమో, ఫొటో చేతికే ఇస్తాను.

తమ విధేయుడు,
విఫెన్

తా.క.: ఇళ్లు చూడటం నా పని కాదని మా ఆఫీసులో అంటున్నారు. మీరు పట్టించుకోకండి.

*

అయ్యా విఫెన్ గారూ,

చివరికి రొడీలియో కుటుంబంతో సహా దిగాడు. పడవలు రెండూ దించాం. చుక్క నీరు లోపలికి రాలేదు. రొడీలియో నవ్వుతూ నిలబడ్డాడు, నేనే చిన్నపిల్లాడిలా ఏడ్చాను. అతని భార్య లూర్దెస్ అల్లం వేసి కాడ్ చేప వండితే మా వీధంతా గిన్నెలు పట్టుకుని వచ్చింది. పిల్లలు చేరడంతో బడి మూసేస్తామన్నవాళ్లు నోరు మూసుకున్నారు.

ఒక్కటే భయం. వాళ్లొచ్చాక కూడా మీరు పదే పదే తనిఖీకి వస్తున్నారు. మేడమెట్లు ఎక్కకుండా కింద ఫిలొమీనా వంటింట్లోంచే వెళ్లిపోతున్నారట. ఇంట్లో ఏదైనా లోపముందా? వాళ్లను వెనక్కి పంపేస్తారా? చెప్పండయ్యా, ముద్ద దిగడంలేదు.

ఇట్లు,
ఆంబ్రోస్

తా.క.: ఫిలొమీనాను అడిగితే “ఆయన్నే అడుగు” అని నవ్వుతోంది. ఆడవాళ్లకు ప్రతిదీ వేళాకోళమే.

*

ప్రియమైన ఆంబ్రోస్ గారూ,

నిశ్చింతగా భోంచేయండి. వాళ్లనెవరూ పంపరు, ఇంట్లో ఏ లోపమూ లేదు. మేడ ఎక్కుదామనే వస్తాను. ఈలోగా ఫిలొమీనా గారు వేడివేడిగా రొట్టె వేయించి చెరకుపాకం పోస్తారు. మాటల్లో పడి మేడ సంగతే మరిచిపోతాను.

నిన్న ధైర్యం చేసి అడిగేశాను. మీ అనుమతి కోసం రాస్తానన్నాను. “మా అన్న నన్నడక్కుండానే ఒకసారి వెల్డరుకిచ్చేశాడు. ఈసారి ఆయన్నడక్కుండా నేనే చెబుతున్నా, సరే!” అన్నారు.

వచ్చే నెల ఉద్యోగ విరమణ. ఆ వెంటనే పెట్టే బేడా సర్దుకుని వస్తున్నాను. నాకు వెల్డింగు రాదు. బంగాళాదుంపలు మాత్రం బాగా చెక్కుతాను.

ఇట్లు,
క్లారెన్స్

తా.క.: ఇకనుంచి ‘అయ్యా’ అని రాయకండి. ‘బావగారూ’ అంటే చాలు.