పండగకు ముందే వండిన చిక్కుడు కూర

మద్దేడ్, ఆదివారం రాత్రి

సంతోషానికి నిద్ర పడ్తలేదు. ఊరుమ్మడి తోటల తొలి కాపు చిక్కుళ్లు పొద్దున్నే నేనొక్కదాన్నే కోసి, ఎవరికీ చెప్పకుండ ఇంట్ల కూర వండి పట్టుకపోయిన. పనికొచ్చినోళ్లందరికీ విస్తర్లల్ల వడ్డించిన. ఒక్కరూ ముట్టలే. నాతోపాటు తోట నడిపే ముత్తక్క నన్ను పక్కకు పిలిచింది.

"ఏందమ్మా, చిక్కుడు పండగ గాకముందే ఎట్ల తింటరు? దేవుడికి పెట్టినంకనే మేం తినేది."

ఇన్నేండ్లు ఈ ఆదివాసుల నడుమ ఉండి నాకీ సంగతి తెల్వలే. రేపటి నుంచి పనికి ఎవరూ రారేమో అనుకుంట విస్తర్లు ఎత్తబోయిన. అప్పటిదాక పందిరి చుట్టూ తిరిగి కాయలు చూస్తున్న పూజారి తాత వచ్చి కూసున్నడు.

"ఈసారి పండగ ఈడ్నే చేద్దాం. తొలి కాయ ఈ పందిరిదే పెడదాం" అన్నడు.

ఇంటింటికీ సొంత పెరడ్లుండంగ, మా పందిరి కాయ ఊరి దేవుడికి! అప్పటిదాక కాయ ముదరకుంట ఉంటదా? మేకలు పడితే? రేపే కంప కట్టాలె...

మిగిలిన కూర ఇంటికి తెచ్చిన. రాత్రి అమ్మ నా పళ్లెంల వెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టిన.

"ఏందే, నువ్వు వండిందేగా?"

"ఇంకా పండగ కాలేదమ్మా."