డిస్టిల్డ్ వాటర్ క్యాను

ఫిబ్రవరి 6, గురువారం

సింపోజియం కన్వీనర్‌ని నేనట. స్టాఫ్ మీటింగులో ప్రిన్సిపల్ కమలాకుమారి మేడం నా పేరు చదవగానే మిగతా వాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టరు, తప్పించుకున్నారు కదా. వద్దని చెప్పడానికి నోరు తెరిచాను, థాంక్యూ మేడం అని మూశాను. కాంట్రాక్ట్ లెక్చరర్‌కు ఆ మాత్రం నోరే ఉంటుంది.

స్టూడెంట్ రిసెర్చ్ సింపోజియం, 21వ తేదీ శుక్రవారం. మార్చిలో కాలేజీకి గ్రేడ్ ఇచ్చే న్యాక్ టీమ్ వస్తోంది, వాళ్లకు ఫోటోలు చూపించాలి. అసలు సంగతి అది. అబ్‌స్ట్రాక్టులు వచ్చాయి. సగం ఇంటర్నెట్‌లోంచి ఎత్తినవే. ఒకడైతే వేరే కాలేజీ పేరు కూడా తీయకుండా ఇచ్చాడు.

ఒక్క నిషితది మాత్రం నిజమైన పని. బీఎస్సీ ఫైనలియర్. హత్నూర మండలంలో వాళ్ల ఊరు. ఊళ్లో బోర్లన్నీ తిరిగి నీళ్లు పట్టుకొచ్చి, మా కెమిస్ట్రీ ల్యాబ్‌లో వాటి హార్డ్‌నెస్, అంటే సున్నం గట్రా ఎంత కరిగి ఉందో చూస్తోంది. గైడ్ నేనే. ఫస్ట్ ప్రైజ్ వచ్చిన వాళ్లను, జడ్జిగా వచ్చే సైంటిస్ట్ గారు హైదరాబాద్‌లో తన ల్యాబ్‌కు ఇంటర్న్‌షిప్‌కు తీసుకుంటారట. ఆ మాట విన్నప్పటి నుంచి ఆ పిల్ల టిఫిన్ బాక్స్ కూడా ల్యాబ్ మెట్ల మీదే తెరుస్తోంది.

ప్రైజ్ రాకపోతే ఏం చేస్తావని అడిగాను. వాళ్ల నాన్న లింగం కాజీపల్లిలో ఫ్యాక్టరీ పనికి పోతాడు. అక్కడే ప్యాకింగ్ సెక్షన్‌లో పని మాట్లాడి పెట్టాడట. పరీక్షలు కాంగనే వచ్చి చేరమన్నడు మేడం అని చెప్పి, బ్యూరెట్ కడుక్కోవడానికి వెళ్లిపోయింది.

ఈ ప్రైజ్ దానికి రావాలి. ఇంతగా కోరుకుంటున్నందుకు నాకే భయంగా ఉంది.

ఫిబ్రవరి 10, సోమవారం

చీఫ్ గెస్ట్ కన్ఫర్మ్ చేయలేదు. ఫ్లెక్సీ వాడు మ్యాటర్ ఇవ్వండి మేడం, మ్యాటర్ ఇవ్వండి అని ప్రాణం తీస్తున్నాడు. పేరు లేకుండా మ్యాటర్ ఎక్కడి నుంచి తేను? సెమినార్ హాల్లో మైకు పెట్టగానే కూత పెడుతోంది. శాలువాలు ఎవరు తేవాలన్న దాని మీద కామర్స్ వాళ్లూ మా సైన్స్ వాళ్లూ మాట్లాడుకోవడం మానేశారు. 

నిషిత లెక్కలు వచ్చాయి. దాదాపు అన్ని బోర్లూ తాగే నీటి లిమిట్‌కు చాలా పైన. కాగితం రెండుసార్లు చదివాను. భయమూ వేసింది, సంతోషమూ కలిగింది. పేపరంటే ఇట్లా ఉండాలి అన్నాను.

సాయంత్రానికి ఆ కాగితం వాళ్ల ఊరి వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది, ఊరి నీళ్లు విషం అని ఎర్ర అక్షరాలతో. ప్రెజెంట్ చేయకముందే ఎందుకు పెట్టావని అరిచాను. నేను పెట్టలే మేడం, మా బాపు పెట్టిండు, సంబురం ఆగక అంది. ఏం తిట్టను? కమలాకుమారి మేడం మాత్రం ఎగిరి గంతేసినంత పని చేశారు. నిషితకు ఫస్ట్ స్లాట్.

ఫిబ్రవరి 12, బుధవారం

పోల్చి చూడటానికి ఒక మంచి నీళ్ల శాంపిల్ ఉండాలని నేనే చెప్పాను. మా ఇంటి నల్లా నీళ్లు సీసాలో పట్టిచ్చాను. మంజీర నది నీళ్లు, వాటికేం అనుకున్నాను. ఇవాళ రిజల్ట్ వచ్చింది. మా నల్లా నీళ్లు కూడా ఆ బోర్లంత చెడ్డగా ఉన్నాయి.

ఇంటికొచ్చి కుండ వంచేశాను. అత్తమ్మ అవాక్కయి చూస్తున్నారు. గంజ్ బజారులో షాపు కట్టేసి వచ్చిన మా ఆయన విఘ్నేశ్వర్ చెంబు పట్టుకుని నిలబడి, పుట్టినప్పటి సంది గివే తాగుతున్న, సచ్చిన్నా అని అడిగాడు. కిడ్నీలో రాళ్లు వస్తాయన్నాను. వస్తే నీ సింపోజియంల పెట్టుకో అని నవ్వి, నా ముందే గటగటా తాగేశాడు. ఈ మనిషికి దేనికీ పరేషాన్ లేదు. ఇద్దరి భయమూ నేనే పడాలి.

ఫిబ్రవరి 13, గురువారం, మధ్యాహ్నం

పొద్దున స్నానం చేస్తుంటే తట్టింది. మంజీర నీళ్లు అట్లా ఉండవు. ఉండటానికి వీల్లేదు. అన్ని శాంపిళ్లూ చెడ్డవైతే, వాటన్నిటిలో మేము కలిపింది ఏమిటి?

శాంపిల్ కొంచెమే తీసుకుని, డిస్టిల్డ్ వాటర్ కలిపి పదింతలు చేస్తాం. వచ్చిన లెక్కను మళ్లీ పదితో గుణిస్తాం. కలిపే నీళ్లు శుద్ధంగా లేకపోతే ఆ మురికి కూడా పదింతలవుతుంది.

కాలేజీకి వెళ్లి బ్యాగు కూడా దించకుండా, డిస్టిల్డ్ వాటర్ క్యానులోంచి టెస్ట్‌ట్యూబులోకి కొంచెం పోశాను. సిల్వర్ నైట్రేట్ ఒక్క చుక్క వేశాను. శుద్ధమైన నీళ్లయితే మార్పేమీ రాకూడదు. మొత్తం పాలలా తెల్లబడింది.

ల్యాబ్ అటెండర్ మొగులయ్యను పిలిచాను. డిస్టిలేషన్ సెట్‌లో నీళ్లు మరిగించే కాయిల్ దసరా ముందే కాలిపోయిందట. ఆఫీసులో చెప్పాడట, చూద్దాం అన్నారట. నీళ్లు లేవంటే ప్రాక్టికల్స్ ఆగిపోతాయని వరండాలో కూలర్ నీళ్లు పట్టి క్యాను నింపుతున్నాడు. ఆ కూలర్ ఫిల్టర్ మార్చి ఎన్నాళ్లయిందో దేవుడికే తెలియాలి. ఎందుకిట్లా చేశావయ్యా అంటే, తాగే నీళ్లే గద మేడం, మనుషులు తాగేటియి సీసాలకు పనికిరావా అన్నాడు. నిజంగానే అర్థం కాలేదు అతనికి. నాకు ఏడుపొచ్చింది.

ఉత్త డిస్టిల్డ్ వాటర్‌ను ఒకసారి పరీక్షించు, దాన్ని బ్లాంక్ అంటారు అని నిషితకు చెప్పాల్సింది నేను. చెప్పలేదు.

సాయంత్రం నాలుగు

కమలాకుమారి మేడంకు చెప్పాను. తలుపు వేయమన్నారు. అబ్‌స్ట్రాక్ట్ బుక్ ప్రింటుకు పోయింది, కాయిల్ సంగతి బయటపడితే న్యాక్ ముందు పరువు పోతుంది అన్నారు. జడ్జీలు పోస్టర్ దగ్గర ఎంతసేపు నిలబడతారు, ఎవరడుగుతారు, ఎవరికి నష్టం అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, ఆ పిల్లకు ఒక దారి దొరుకుతుంటే నువ్వే మూసేస్తవా అన్నారు.

అది నా మనసులో మాటే. ఆవిడ నోటి వెంట వింటే అసహ్యమేసింది. అయినా, సరే మేడం అన్నాను.

ఫిబ్రవరి 14, శుక్రవారం

నిషిత పోస్టర్ డిజైన్ చూపించింది. బాగుంది అన్నాను.

ఫిబ్రవరి 17, సోమవారం

పటాన్‌చెరులో బ్యాటరీల షాపుకు వెళ్లి డిస్టిల్డ్ వాటర్ కొన్నాను. ఇన్వర్టర్‌కా మేడం అని అడిగాడు. అవునన్నాను. అబద్ధాలు చిన్నవాటి నుంచి మొదలవుతున్నాయి.

క్లాసులయ్యాక ల్యాబ్ తలుపు దగ్గరకు వేసి, మిగిలిన శాంపిళ్లతో మళ్లీ చేశాను. మొదటి బోరు, బాగానే ఉంది. రెండోది, బాగానే ఉంది. ఒక్కోటీ బాగుందని తేలుతుంటే నా గుండె ఒక్కో మెట్టు దిగిపోయింది. ఊరి నీళ్లు మంచివని తెలిసి ఏడ్చిన మనిషిని నేనొక్కదాన్నేనేమో. కొంచెం సున్నం ఎక్కువ, అంతే. పేపరు చచ్చిపోయింది.

రేపు చెప్తాను.

ఫిబ్రవరి 18, మంగళవారం

చెప్పలేదు.

నిషిత నా ముందు నిలబడి ప్రాక్టీస్ చేసింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక దుపట్టా పట్టుకుంటోంది. మాట మాత్రం తడబడటం లేదు. అయిపోయాక, మేడం, ఇయ్యాల లైబ్రరీల చదివిన, బ్లాంక్ చేసినవా అని జడ్జి సార్ అడిగితే ఏం చెప్పాలె అంది.

నిజం నోటి దాకా వచ్చింది. ఆ ముఖం చూశాను. అడగరులే అన్నాను.

అది నా మాట నమ్మి తల ఊపింది. ఛీ.

ఫిబ్రవరి 20, గురువారం

ఫ్లెక్సీలో చీఫ్ గెస్ట్ ఇంటిపేరు తప్పు పడింది, స్టిక్కర్ వేయించాలి. భోజనాల వాడు మనుషులు పెరిగారని గోల. నిషిత వాళ్ల ఊరి వాళ్లు టాటా ఏస్ బండి మాట్లాడుకుని వస్తున్నారట దాన్ని చూడటానికి. అన్నం ముట్టబుద్ధి కాలేదు. విఘ్నేశ్వర్ ఏమైందని అడిగితే ఫ్లెక్సీ అని చెప్పాను.

ఫిబ్రవరి 21, శుక్రవారం, పొద్దున ఏడు

పట్టుచీర కట్టుకున్నాను.  ఇవాళ ఒక్కరోజు గడిస్తే చాలు.

సాయంత్రం

వరుసగా రాస్తాను, లేకపోతే నాకే నమ్మకం కుదరదు.

నిషిత చాలా బాగా చెప్పింది. మైకు కూడా కూయలేదు. వెనక వరసలో వాళ్ల ఊరి ఆడవాళ్లు పైకి లేచి మరీ చూశారు. జడ్జి గారు బ్లాంక్ గురించి అడగలేదు. ఊళ్లో వాళ్లకు ఏం సలహా ఇస్తావమ్మా అని మాత్రం అడిగారు. మా బోర్ల నీళ్లు ఎవరూ తాగొద్దు సార్ అంది గట్టిగా. హాలంతా చప్పట్లు. కమలాకుమారి మేడం నా వైపు చూసి తల ఆడించారు, చూశావా అన్నట్టు. గండం గడిచిందనుకున్నాను.

భోజనాల దగ్గర నిషిత తల్లి అరుణమ్మ నా ప్లేటులో తన చేత్తో ఇంకో స్వీటు వేసింది. మీ దయ మేడం, లేకుంటే ఇంకా ఎన్నేండ్లు తాగుదుమో ఆ నీళ్లు అంది. వాట్సాప్‌లో రాగానే వాళ్ల వాడకట్టు బోరు మోటర్ గుంజి పక్కన పెట్టారట. మరి తాగడానికి ఎట్లా అన్నాను. కొనగలిగినోళ్లు క్యాన్లు తెప్పిచ్చుకుంటున్రు, లేనోళ్లు పొలాల కాడి కుంటనీళ్లు తెచ్చుకుంటున్రు అంది. కాచి తాగుతున్నారా అని అడిగాను. కట్టెలెక్కడియి మేడం, గుడ్డతోని వడకట్టుకుంటున్రు అంది. పోరగాండ్లకు జెర మోషన్లు పట్టుకున్నయి, నర్సింహమ్మ మనుమరాలినైతే సంగారెడ్డి దవాఖానల వెట్టిన్రు, గదొక్కటే ఫికర్ అంది. అని, తినుండ్రి మేడం, తింటలేరు అంది.

ఎవరికి నష్టం అని కదా అనుకున్నాం.

ప్లేటు ఎక్కడ పెట్టానో గుర్తు లేదు. కమలాకుమారి మేడంను పక్కకు పిలిచి చెప్పాను. సోమవారం మాట్లాడదాం, స్టేజీ మీద గెస్టులున్నారు అన్నారు. సోమవారం దాకా ఆ పిల్లలు కుంటనీళ్లే తాగాలి.

ముగింపు సభలో ఫస్ట్ ప్రైజ్ నిషిత అని చదివారు. అది స్టేజీ ఎక్కింది. షీల్డ్ చేతికిచ్చారు. యాంకరింగ్ చేస్తున్న పిల్ల దగ్గర మైకు తీసుకున్నాను. ఏం మాట్లాడానో పూర్తిగా గుర్తు లేదు. మా డిస్టిల్డ్ వాటర్ చెడిపోయిందన్నాను. నిషిత తప్పు ఏమీ లేదు, గైడ్‌గా తప్పు నాది అన్నాను. శాంపిళ్లు నేను మళ్లీ పరీక్షించాను, మీ బోర్లు బాగున్నాయి, కుంటనీళ్లు వెంటనే మానేయండి అన్నాను.

 జడ్జి గారు కళ్లద్దాలు తీసి పట్టుకున్నారు.

నిషిత నా వైపు తిరిగి, మైకు లేకుండా, మెల్లగా అడిగింది. మీకు ఎప్పుడు తెలిసింది మేడం?

పోయిన వారం, గురువారం అన్నాను.

అది మనసులో లెక్క వేసుకుంటోందని తెలుస్తూనే ఉంది. శుక్రవారం పోస్టర్. మంగళవారం ప్రాక్టీస్. అడగరులే అన్న మాట దగ్గరికి వచ్చినప్పుడు దాని ముఖం మారింది. షీల్డ్ టేబుల్ మీద పెట్టి, దిగి వెళ్లిపోయింది. జడ్జి గారు ఇంటర్న్‌షిప్ సంగతి ఎత్తలేదు. ప్రైజ్ సెకండ్ వచ్చిన వాడికి ఇచ్చారు.

అరుణమ్మ తిడుతుందనుకుని ఎదురెళ్లాను. ఆమె ఫోన్‌లో ఉంది. మోటర్ దించుండ్రి, ఇప్పుడే దించుండ్రి, మేడం చెప్పింది అని అరుస్తోంది. లింగం నా వైపు చూడకుండా పోస్టర్ విప్పి చుట్ట చుట్టుకుంటున్నాడు.

ఫిబ్రవరి 24, సోమవారం

మొగులయ్యకు మెమో. నాకు కూడా. నా కాంట్రాక్ట్ రెన్యువల్ సంగతి తర్వాత చూద్దాం అన్నారు. కొత్త కాయిల్ మాత్రం వెంటనే వచ్చింది.

నర్సింహమ్మ మనుమరాలు ఇంటికొచ్చిందట, అరుణమ్మ ఫోన్ చేసి చెప్పింది. నిషితను ఇమ్మని అడిగాను. బయటికి పోయింది మేడం అంది. దాని గొంతు వెనకాల వినిపిస్తూనే ఉంది.

మార్చి 3, సోమవారం

నిషిత ల్యాబ్‌కు వచ్చింది. మొగులయ్యకు నమస్తే పెట్టి తాళంచెవి అడిగి తీసుకుంది. నేను పక్కనే ఉన్నాను.

ఊరి బోర్ల నీళ్ల పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచి చేస్తుందట. గైడ్ ఎవరు బిడ్డా అని మొగులయ్య అడిగాడు.

ఇంకా అనుకోలె కాకా అంది.