నా పిలుపుకు వచ్చే పుంజులు

అక్టోబర్ 19

ఆడిట్ అయిపోయింది. వారం పాటు ప్లాంటులో కాథెటర్ కవర్ మీద చిన్న వెంట్రుక కనపడినా బ్యాచ్ మొత్తం పక్కన పెట్టించాను. ఇవాళ అదే నేను చేంజింగ్ రూములో సాక్సు విప్పితే గోధుమ గింజ రాలింది. ఎవరూ చూడలేదు. బూటుతో బెంచీ కిందికి తోసేశాను.

పొద్దున మేత వంతు నాదే. వేట క్లబ్బు వాళ్ళం కాల్చడానికని పెంచి వదిలిన ఫెజెంట్ పిల్లలు, ఇక్కడి అడవికోళ్ళు, ఇప్పుడు పిల్లలు కావు. ఆగస్టులో డబ్బాల్లో వచ్చినప్పుడు మట్టి రంగులో ఉండేవి. ఇప్పుడు పుంజులకు ఎర్ర మొహం, మెడ చుట్టూ తెల్ల పట్టీ... పెళ్ళికొడుకుల్లా తయారయ్యాయి. దడి తలుపు తీసేసి ఎన్నాళ్ళో అయింది. ఎక్కడికైనా పోవచ్చు. పోవు. నేను నాలుకను అంగిటికి కొట్టి టకటకమంటే చాలు – పొదల్లోంచి ఒకదాన్నొకటి తోసుకుంటూ పరుగు.

మా ఊళ్ళో ఇంటి దగ్గర పొద్దున్నే గంప ఎత్తి కోళ్ళకు గింజలు చల్లేటప్పుడు చేసే చప్పుడే అది. కావాలని చేసేది కాదు. చేతిలో గింజలుంటే నాలుక దానంతటదే ఆడుతుంది.

పక్కింటి ముసలాయన నోయెల్ మొదట్లోనే అన్నాడు – "వాటితో మాట్లాడకు సుజ్. డబ్బాలో గింజ పోసి వెనక్కి తిరిగి చూడకుండా వచ్చెయ్. మచ్చికైతే ఎగరవు."

మాట్లాడట్లేదుగా, అన్నాను. చప్పుడు మాటెలా అవుతుంది?

అక్టోబర్ 24

మా ఆయన రవికి మళ్ళీ కోపం లేచింది. మెట్ల కింది ప్రెస్‌లో, అదే అల్మరాలో, తుపాకి సేఫ్ ఉన్నందుకు వాక్యూమ్ క్లీనర్ పెట్టుకోవడానికి చోటు లేదట. అసలు సంగతి అది కాదని ఇద్దరికీ తెలుసు.

"చికెన్ షాపుల దొర్కదా నీకు? గా బురదల వడి పోవుడేంది?"

చంపడం చూడలేనివాళ్ళు తినకూడదు – నా పాత వాదన. క్యాంటీన్‌లో కూడా అందరికీ ఇదే చెబుతుంటాను.

"గదంతా ఉత్త మాటలే. నీకు గా ముసలాయనతోని దోస్తానా కావాలె. గంతే."

నిజమే మరి.

అక్టోబర్ 31

మా పాప నిత్య హాలోవీన్ అని దెయ్యం వేషం వేసుకుని వీధిలోకి పోయింది. నేను తుపాకి తుడుస్తున్నాను. రేపు వేట సీజన్ మొదలు.

రవి అన్నది మనసులోంచి పోవట్లేదు. ఈ ఎస్టేటు ఇళ్ళలోకి కాపురం వచ్చిన కొత్తలో అందరూ చెయ్యి ఊపేవాళ్ళు, ఒక్కరూ ఆగేవాళ్ళు కాదు. ఆగింది నోయెల్ ఒక్కడే, అది కూడా అతని కుక్క బ్రాండీ వల్ల. ఆ స్పానియల్ మా గోడ దూకి వచ్చి నా చెప్పు ఎత్తుకుపోయింది. చెప్పు తిరిగి ఇవ్వడానికి వచ్చిన మనిషి టీ తాగాడు, తన భార్య పోయిన సంగతి చెప్పాడు, ఆదివారం పొలాల మీదికి రమ్మన్నాడు. మొదటి ఏడాది తుపాకి లేకుండా ఉత్తగా వెంట నడిచాను. తరవాత కోర్సు, లైసెన్సు, గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, ఇంటికి వచ్చి సేఫ్ చూసిపోవడం. లైసెన్సు కాగితం మీద పేరు చూసుకుని ఎంత మురిసిపోయానో. పాస్‌పోర్టు వచ్చినప్పుడు కూడా అంత సంతోషం లేదు.

మంచు, నీళ్ళు నిండిన పచ్చిక, షానన్ నది మీద పొగ, మాట్లాడకుండా పక్కన నడిచే మనిషి. దాని కోసం పోతాను. పిట్ట దొరికితే దొరికింది, లేకపోతే లేదు.

నవంబర్ 1

ఛీ.

నవంబర్ 2

నిన్న రాయలేకపోయాను.

వరుసగా నిలబడ్డాం – నోయెల్, నేను, క్లబ్బు నడిపే కీరన్, ఇంకొందరు. బ్రాండీ పక్క పొలంలోకి ఉరికింది. వెనక్కి రమ్మని పిలవబోయాను. నోట్లోంచి ఈల రావాల్సింది. ఆ చప్పుడు వచ్చింది.

కంచె పొదల కింద నుంచి పుంజులు బయటికొచ్చాయి. ఎగరలేదు. నడుచుకుంటూ, మెడలు ముందుకు చాచి, నా బూట్ల దగ్గరికి. నా చెయ్యి వైపు చూస్తున్నాయి. చేతిలో తుపాకి.

నేల మీద ఉన్న పిట్టను కాల్చకూడదు. అది మర్యాద. ఎగిరితేనే కాల్చాలి. అందుకని కీరన్ వచ్చి ఒకదాన్ని బూటుతో తన్నాడు. అది లేచింది. కాల్చాడు. ఇంకోదాన్ని తన్నాడు. అది ఎగరడానికి బద్ధకించి నాలుగడుగులు వేసి మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. మళ్ళీ తన్నాడు. అందరూ నవ్వుతున్నారు. నోయెల్ కూడా. గట్టిగా కాదు, కానీ నవ్వాడు.

"ఫెయిర్ ప్లే టు యూ, సుజ్" అని శభాష్ అన్నట్టు కీరన్ నా భుజం తట్టాడు. ఇన్నేళ్ళలో అతను నా పేరు పలకడం ఇదే మొదటిసారి.

నేను తుపాకి ఎత్తలేదు. దించనూ లేదు. అట్లా నిలబడ్డాను.

నవంబర్ 3

నా వాటా ఒక పుంజు. సింకులో కడుపు కోశాను. మెడ దగ్గరి సంచి చిట్లి గోధుమలు జారాయి – తడిగా, ఒక్కటీ నలగకుండా. నేను వేసినవే. అదే మూటలోవి.

ఎన్ని కోశాను ఇప్పటిదాకా! ఎప్పుడూ మధ్యలో కత్తి కింద పెట్టలేదు.

చేతులు మూడుసార్లు కడుక్కున్నాను. ఉల్లిపాయ వేయించాను, మిరియాలు దంచాను, వండాను. రవి తిన్నాడు, బాగుందన్నాడు. నేను పెరుగన్నం.

నవంబర్ 7

కీరన్ మెసేజ్. డబ్లిన్ నుంచి బావమరుదులు వస్తున్నారట, ఎప్పుడూ తుపాకి పట్టనివాళ్ళు. "కొంచెం నీ మ్యాజిక్ చెయ్యాలి." కింద నవ్వే బొమ్మలు. నన్ను క్లబ్బు డిన్నర్ కమిటీలో కూడా వేశారు.

నోయెల్ గోడ దగ్గర అన్నాడు – "ఒక్కసారికి పోనీలే సుజ్. మనవాళ్ళే కదా."

మనవాళ్ళు. ఆ మాట కోసం ఎన్నాళ్ళు చూశాను. ఎట్లాంటి పనికి దొరికిందో చూడు.

నవంబర్ 9

చేశాను.

బావమరుదులు కొత్త కోట్లలో, ధర చీటీ ఇంకా వేలాడుతున్న టోపీల్లో. గేటు దగ్గర నన్ను ముందు నిలబెట్టారు. నాలుక ఎండిపోయి మొదట చప్పుడు రాలేదు. తరవాత వచ్చింది. అవీ వచ్చాయి. కీరన్ ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. పుంజులను వీడియో తీస్తున్నట్టున్నాడు.

ఒకటి సరిగ్గా తగలక రెక్క ఈడ్చుకుంటూ కాలువలో పడింది. బ్రాండీ తెచ్చింది. ఇంకా బతికే ఉంది. బావమరిది దాన్ని పట్టుకుని ఏం చెయ్యాలో తెలియక అటూ ఇటూ చూస్తున్నాడు, నవ్వుతున్నాడు. నేనే తీసుకుని మెడ విరిచాను. వేడిగా ఉంది.

పబ్బులో నాకు గిన్నిస్ బీరు కొనిచ్చారు. తాగాను. అదే నాకు ఎక్కువ రోత పుట్టిస్తోంది... తాగాను, నవ్వాను, కోళ్ళ గంప గురించి కథ కూడా చెప్పాను. అందరూ భలే విన్నారు.

నవంబర్ 10

మేతకు పోయాను. గేటు వెనక మేత మూటలో పుంజులు. నిన్నటివి. తీసుకుపోలేదు వాళ్ళు. కింద నీళ్ళు కారి మూట నల్లబడింది. ఎలుకలు అప్పుడే ఒక మూల కొరికాయి.

చంపినవాళ్ళు తినాలి, చంపలేనివాళ్ళు తినకూడదు... నా వాదన ఎంత చక్కగా ఉండేదో. చంపి, తినక, మూటలో పడేసి పోయేవాళ్ళు అందులో ఎక్కడా లేరు. నేను ఆ వాదనను మూట పక్కనే వదిలేసి వచ్చాను.

పార తీసుకుపోయి పాతిపెట్టాను. మిగతావి నా చుట్టూ తిరుగుతూ తవ్విన మట్టిలో పురుగులు ఏరుకున్నాయి. తెలివితక్కువ పక్షులు. వాటి మీద కూడా అసహ్యం వేసింది.

నవంబర్ 15

కీరన్ మళ్ళీ. కుదరదన్నాను. "వై, వాట్స్ రాంగ్?" అన్నాడు. ఒంట్లో బాగాలేదన్నాను.

ఎందుకు అబద్ధం చెప్పాను!

నవంబర్ 22

నోయెల్‌తో అన్నాను – ఇది వేట కాదు. కోళ్ళఫారం తలుపు తీసి కాల్చడం.

బ్రాండీ చెవులు నిమిరాడు. తన చిన్నప్పుడు పిట్టలు వాటంతటవే ఉండేవట. గడ్డి యంత్రాలొచ్చాయి, పొదలు పోయాయి, నక్కలు మిగిలాయి. "ఇప్పుడు పెంచి వదలకపోతే పిట్టా లేదు, క్లబ్బూ లేదు. క్లబ్బు లేకపోతే ఈ ముసలాళ్ళు ఆదివారం ఇంట్లో కూర్చుని ఏం చూస్తారు సుజ్? గోడలా?"

తన గురించే చెబుతున్నాడు. నాకు జాలి వేసింది, కోపం వచ్చింది, ఏది ముందో తెలియలేదు.

"మనిద్దరం తుపాకి లేకుండా నడుద్దాం" అన్నాను.

నవ్వాడు. "తుపాకి లేకుండా పొలాల్లో తిరిగితే జనం నన్ను పిచ్చోడంటారు."

నవంబర్ 30

మచ్చిక పోగొట్టాలి. అదొక్కటే దారి.

బకెట్ మూత, కర్ర తీసుకుపోయాను. టకటకమన్నాను. వచ్చాయి. మూత మీద దబదబ బాదాను. చెదిరాయి. మళ్ళీ పిలిచాను, మళ్ళీ బాదాను. నన్ను చూస్తే భయపడాలి, నా చప్పుడు వింటే పారిపోవాలి – అంతదాకా.

డిసెంబర్ 7

దూరంగా ఆగుతున్నాయి, తల వంచి చూస్తున్నాయి, ఆకలి వేస్తోంది, వస్తున్నాయి. మేత మానేస్తే చలికి చస్తాయి. వేస్తే నాకు అలవాటు పడతాయి. ఎవరు కనిపెట్టారో ఈ ఏర్పాటును.

ఒక పుంజు అసలు కదల్లేదు. కర్రతో కొట్టాను. కాలికి తగిలింది. కుంటుతూ నాలుగడుగులు పోయి, ఆగి, వెనక్కి తిరిగి, మళ్ళీ నా చేతి వైపే...

కర్ర కాలువలో పారేశాను. మొత్తం మూట గుమ్మరించి వచ్చేశాను.

డిసెంబర్ 14

నిత్య – "మామ్, ఆర్ యూ స్టిల్ అ హంటర్?" స్కూల్లో ఎవరో అడిగారట.

తెలియదు, అన్నాను.

"దట్స్ నాట్ యాన్ ఆన్సర్."

కాదు మరి.

డిసెంబర్ 21

క్లబ్బు గ్రూపులో స్టీఫెన్స్ డే, క్రిస్మస్ మర్నాటి వేట సంగతి. అమెరికా నుంచీ ఇంగ్లండ్ నుంచీ పండక్కి వచ్చినవాళ్ళంతా వస్తారు. "సుజ్ విల్ బి కాలింగ్." ఎవరడిగారు నన్ను?

గ్రూపులో రాశాను, అందరికీ కనపడేట్టు. నేను రాను. పిలవను. ఒంట్లో బాగానే ఉంది. చేసే పని రోతగా ఉంది కాబట్టి రాను.

ఒక్కరూ జవాబివ్వలేదు. చూసినట్టు గుర్తులు మాత్రం ఒకటొకటే పడ్డాయి. నోయెల్‌ది కూడా.

రవి మెసేజ్ చదివాడు. ఏమంటాడో అనుకున్నా. "మంచిగ రాసినవ్" అన్నాడు. ఫోన్ తిరిగి ఇస్తూ, "ఇప్పుడు ఆయన గోడ కాడికి రాడేమో" అన్నాడు.

డిసెంబర్ 24

రాలేదు. బ్రాండీ ఒక్కటే వచ్చింది. కేకు ముక్క పెట్టి పంపాను.

డిసెంబర్ 26

పొద్దుటి నుంచీ కాల్పులు. కిటికీలన్నీ మూసి టీవీ పెట్టాను. అయినా వినపడుతూనే ఉన్నాయి. వరుసగా, ఆగకుండా. మనసులో ఒకటే అనుకున్నాను – నేను లేను, అవి రావు, ఎక్కడో పొదల్లో నక్కి ఉంటాయి, వాళ్ళు గాలిలోకి కాల్చుకుంటున్నారు.

చీకటి పడబోతుండగా వెనక తలుపు దగ్గర నోయెల్. చేతిలో రెండు పుంజులు, మెడలు కలిపి తాడుతో కట్టి.

"నీ వాటా."

నేను రాలేదుగా, అన్నాను.

బ్రాండీ వైపు చూస్తూ చెప్పాడు. "కీరన్ ఫోన్‌లో నువ్వున్నావు కదా. ఆ రోజు తీసింది. స్పీకరు పెట్టి గేటు మీద పెట్టాడు. గ్రాండ్‌గా వచ్చాయి సుజ్." తరవాత, నాకు ఊరటగా ఉంటుందనుకున్నాడో ఏమో – "గింజలు కూడా చల్లాం. ఉత్తినే పిలవలేదు."

పోయినవాళ్ళ గొంతు ఫోన్‌లో దాచుకుని వింటారని తెలుసు. బతికున్న నా నోటిని ఎత్తుకుపోయి గేటు మీద పెట్టారు. నేను ఇంట్లో టీవీ చూస్తూ అక్కడ వేటాడాను.

అతను పోలేదు. నిలబడే ఉన్నాడు. టోపీ చేతిలో తిప్పుతూ అన్నాడు – "అది మంచి పని కాదని వాడికి చెప్పాను."

"చెప్పి?"

"చెప్పి నిలబడ్డాను." కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చలికో, దేనికో. "ఆదివారం వస్తావా?"

బ్రాండీ నా పాదం మీద బరువంతా వేసి కూర్చుంది. ఇంట్లోకి రమ్మనలేదు నేను. తలుపు వెయ్యనూ లేదు. చివరికి అతనే పుంజులను మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

రాత్రి

ఒకదాని కాలు వాచి ఉంది. కర్ర దెబ్బ. అంతకంటే ఎక్కువ చూడలేదు.

"పారెయ్యాల్నా?" అని రవి. వద్దన్నాను. "మరి వండుతవా?" తెలియదన్నాను. ఈకలు పీకాలంటే నీళ్ళు కావాలని పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టాను, ఇప్పుడు ఆ నీళ్ళు మరుగుతున్నాయి, నేను ఇక్కడ కూర్చుని రాస్తున్నాను.

కీరన్‌ను ఆ వీడియో తీసెయ్యమని అడగాలి. తీసేస్తాడా. తీసేసినా ఎంతమంది దగ్గరుందో.

నోయెల్ మెసేజ్: ఆదివారం ఎనిమిదికి. తుపాకి లేకుండానే.

అంటే పిచ్చోడనిపించుకోవడానికి ఒప్పుకున్నాడన్నమాట. రెండు నెలల ముందు ఈ మెసేజ్ వచ్చి ఉంటే ఏడ్చేదాన్ని. ఇప్పుడు సరే అని రాస్తున్నాను, చెరిపేస్తున్నాను. ఆ మనిషి కావాలి నాకు. ఆ గేటు వైపు చూడలేను. ఆ గేటు దాటకుండా ఆ పొలాల్లోకి దారి లేదు.

తుపాకి మాత్రం గార్డులకు ఇచ్చేస్తాను. అది తేలింది. అది తేలిగ్గానే తేలింది.

పుంజుల్లో బతికి మిగిలినవి ఎన్నో తెలియదు. రాత్రి మంచు పడుతుందట, నేల గట్టిపడితే వాటికి తినడానికి ఏమీ దొరకదు. ప్రెస్ తలుపుకు అంటించిన మేత వంతుల కాగితం చూశాను.

రేపటి వంతు నాది.