వాసన లేని ఇల్లు

జూలై 9

కుడి మణికట్టు విరిగింది. ఎడమ చేత్తో రాస్తున్నాను. నా అక్షరాలు నాకే పరాయిగా ఉన్నాయి. ఎవరికీ చూపించేది లేదు కనుక ఫరవాలేదు.

పడింది నా ఇంట్లోనే, నా కుర్చీ మీదనుంచే, నా బల్బు నేను మార్చుకుంటూనే. డెబ్బై ఆరేళ్ళ మనిషి కుర్చీ ఎక్కవచ్చునా అని ఆస్పత్రిలో ప్రతివారూ అడిగారు. బల్బు సంగతి ఏమయిందని ఒక్కరూ అడగలేదు. మార్చాకే పడ్డాను. వెలుగుతోంది.

ఆరు వారాలు ప్లాస్టర్. ఒంటరిగా ఉండరాదని డాక్టరు తీర్పు. ఒంటరితనానికీ ఒక్కదాన్నే ఉండడానికీ తేడా ఆయనకు చెప్పబోయాను. వినలేదు. మనవరాలి ఫ్లాటుకు తీసుకువచ్చారు. నా కూతురి కూతురు. చిన్నప్పుడు రెండు మెతుకులు కొరికి లేచి పోయేది కనుక పిచ్చుక అన్నాను, ఆ పేరే నిలిచింది. పిచ్చుకకు ఇప్పుడు ఐదో నెల. తొలిచూలు.

జూలై 10

పిచ్చుక నా పెట్టెను గుమ్మం బయటే తెరిపించింది. నొప్పి బామ్, టాల్కమ్ పౌడరు, తలకు వేసుకునే రంగు, చీరల మడతల్లోని నాఫ్తలీన్ గోళీలు. ఒక్కొక్కదాన్నీ చచ్చిన బొద్దింకను పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుని కవరులో వేసి, మూతి కట్టి, భర్త చేతికిచ్చింది. చీరలు రెండుసార్లు ఉతికితే తప్ప లోపలికి రావంది. అంతవరకు తన నైటీ వేసుకోమంది. దాని మీద నవ్వుతున్న ఎలుగుబంటి బొమ్మ ఉంది. కాలేజీలో ముప్పై నాలుగేళ్ళు కెమిస్ట్రీ చెప్పి రిటైరయినదాన్ని, ఎలుగుబంటిని కప్పుకుని సోఫాలో కూర్చున్నాను.

ఇంత అవసరమా పిచ్చుకా అన్నాను. నీ మీద కోపంతో కాదు అమ్మమ్మా, లోపలున్నవాళ్ళ కోసం అంది.

రంగు లేకపోతే పాపిట తెల్లగా బయటపడుతుంది. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

జూలై 12

ఈ ఇంట్లో ఫినాయిల్ లేదు. దోమల మందు లేదు. అగ్గిపుల్ల కూడా బాల్కనీలోకి వెళ్ళి గీస్తారు. నేల, గాజులు, సింకు, ఫ్రిజ్, అన్నిటికీ ఒకటే మందు: వేడినీళ్ళలో వెనిగర్. కిటికీలు తెరవకూడదు. కింది ఫ్లాటు ఆవిడ దోమల కాయిల్ వెలిగిస్తుంది, ఆ పొగ పైకి వస్తుందని పిచ్చుక ఫిర్యాదు. వంటగది కిటికీకీ, నా గది కిటికీకీ, బాత్రూమ్ వెంటిలేటరుకూ ప్లాస్టిక్ షీటు పరిచి, చుట్టూ వెడల్పాటి టేపు అంటించింది.

సీసాలో వేసి మూత బిగించిన దోసకాయ ముక్కల్లా ఊరుతున్నాం. రెండు రోజులకు నా ముక్కు ఓడిపోయింది. ఇప్పుడు నాకు వెనిగర్ వాసన తెలియడం లేదు.

జూలై 14

నేను అతిథిని కాను, లాబొరేటరీని. అమ్మమ్మా, ఈ డబ్బాలో వేడి పదార్థం పెట్టవచ్చా. అమ్మమ్మా, ఈ సబ్బు మీద రాసిన మూడో పేరు ఏమిటి. అమ్మమ్మా, కొత్త కర్టెన్లకు వాసన ఎందుకు వస్తుంది. నువ్వు లెక్చరర్‌వి కదా, చెప్పు.

ఏం కాదు అంటాను. వెంటనే ఫోను తీసి వెతుకుతుంది. ఫోను నాకంటే పెద్ద లెక్చరరు. జీతం లేకుండా ఇరవై నాలుగు గంటలూ భయం బోధిస్తుంది.

ఇవాళ పదోసారి ఏం కాదు అన్నప్పుడు, నీకు ప్రపంచంలో ఏదీ ఏమీ కాదు కదా అమ్మమ్మా అంది. నాకూ తిక్క పుట్టింది. మీ అమ్మ కడుపులో ఉన్నప్పుడు నేను లాబ్‌లో నిలబడి యాసిడ్లు కలిపాను, మీ అమ్మ చక్కగా పుట్టి, నాకే ఎదురు చెప్పేంత పెద్దదయింది అన్నాను. అది నీ అదృష్టం, లెక్క కాదు అంది.

ఆ మాట సైంటిఫిక్‌గా సరైనదే. అందుకే ఎక్కువ మండింది.

జూలై 15

పిచ్చుక నా తల దువ్వింది. ఊపిరి బిగబట్టి దువ్వింది.

జూలై 18

వంటగది కిటికీ టేపు ఒక మూల ఊడింది. అక్కడ ముక్కు పెట్టి నిలబడ్డాను. కింద వీధిలో ఎవరో స్కూటరును తిట్టుకుంటూ స్టార్ట్ చేస్తున్నారు. ఎంత హాయిగా ఉందో. పిచ్చుక వచ్చి, టేపు మళ్ళీ అంటించి, బొటనవేలితో నున్నగా రుద్ది పోయింది.

అది కూడా బయటికి పోవడం లేదు. ఆఫీసుకు సెలవు పెట్టింది. బయట పెయింట్లు, పెట్రోలు, ఇతరుల సెంట్లు. నాకు ఆరు వారాల శిక్ష. దీనికి ఎవరు వేశారు?

జూలై 19

రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

నా గది పక్క బాత్రూములో దుర్వాసన వస్తోంది. మూడు రోజులుగా. వెనిగర్‌కు ఓడిపోయిన ముక్కుకు కూడా అందుతోంది. సాయంత్రం పిచ్చుక భర్త తన గదిలో నెమ్మదిగా అంటున్నాడు. మంచివాడే, గొంతు పెంచడు. పెద్దావిడ కదా, ఒక చెయ్యి పనిచేయదు, సరిగ్గా నీళ్ళు పోసుకోలేకపోతున్నారేమో, ఆ పెద్దవాళ్ళ డైపర్లు దొరుకుతాయట, మెల్లగా అడిగి చూడకూడదూ అన్నాడు. పిచ్చుక ఏమన్నదో వినబడలేదు. వినే ఓపిక నాకూ లేకపోయింది.

ఎడమ చేత్తో మగ్గు పట్టుకుని ఎన్నిసార్లు నీళ్ళు పోస్తానో నాకు తెలుసు. ఈ వయసులో శుభ్రతకు సాక్షులను తెచ్చుకోవాలా?

జూలై 20

కింది ఫ్లాటు ఆవిడకు ఫోను చేశాను. నంబరు గేటు దగ్గర బోర్డు మీద ఉంది. పిచ్చుక స్నానానికి వెళ్ళిన సమయంలో వచ్చింది. లావుపాటి, నవ్వు మొహం మనిషి. బ్లీచ్ సీసాను పాత టవల్లో చుట్టి తెచ్చింది. ఏమిటమ్మగారూ, దొంగచాటుగా సారా తెప్పించుకున్నట్టుంది మీ వరస అంది. ఇంకా నయం, సారా అయితే మీ పాప మనల్నిద్దర్నీ పోలీసులకే అప్పజెప్పును, దీనికైతే ఉరే అంది. చాలా రోజుల తరువాత నవ్వాను. దోమల కాయిల్ వాసన ఆవిడ చీర నుంచి వచ్చింది. మంచి వాసన.

సీసా మంచం కింద ఉంది. రేపు స్కాన్. ఇద్దరూ పోతారు. వాళ్ళు వచ్చేలోగా ఆ బాత్రూము మెరవాలి. వాసన ఎవరిదో అప్పుడు చూద్దాం.

జూలై 21, ఉదయం

బయలుదేరారు. పిచ్చుక వెళ్ళేముందు నా గది వైపు నాలుగుసార్లు తిరిగింది. ఏమైనా కావాలా అని అడిగింది. స్వాతంత్ర్యం కావాలి అన్నాను. అది ఫ్రిజ్‌లో లేదు అంది. అలాంటి జవాబు చెప్పి ఎన్నాళ్ళయిందో. లిఫ్టు కిందికి పోయిన చప్పుడు విన్నాను.

జూలై 21, సాయంత్రం

దగ్గు ఇంకా తగ్గలేదు. అయినా రాస్తాను.

బాత్రూములోకి వెళ్ళి గడియ వేసుకున్నాను. ఇంట్లో ఎవరూ లేరు, గడియ దేనికి? జీవితమంతా వేసుకున్నాను కనుక. సీసా మూత పళ్ళతో తీశాను. కమోడ్‌లో సగం సీసా గుమ్మరించాను.

వాసన ముందు వచ్చింది. అది బ్లీచ్ వాసన కాదు. ఆ వాసన నాకు ముప్పై నాలుగేళ్ళ పరిచయం. ఏటా ఒకసారి జాడీలో పట్టి, పసుపు కలిసిన ఆ ఆకుపచ్చను పిల్లలకు దూరం నుంచి చూపించి, ఎవరూ వాసన చూడకండి, ఈ విషయంలో నా మాట చాలు అనేదాన్ని. క్లోరిన్. బ్లీచ్‌లో యాసిడ్ కలిస్తే వస్తుంది. వెనిగర్ కూడా యాసిడే. కమోడ్‌లో నీళ్ళు కావు, వెనిగర్ ఉంది. ఇల్లంతా అదే వాసన, నా ముక్కుకు అక్కడ ప్రత్యేకంగా ఏం తెలుస్తుంది?

వెంటిలేటరుకు టేపు. తలుపుకు గడియ. కుడి చెయ్యి రాయి. ఎడమ చేతికి ఆ గడియ ఎప్పుడూ రెండు మూడు ప్రయత్నాలకు గాని లొంగదు. కళ్ళు మండిపోయాయి. గొంతులో ఎవరో గరిటె పెట్టి గీకినట్టయింది. దగ్గుతూ, ఊపిరి ఆపుతూ, ఆ ఇనుప ముక్కతో కుస్తీ పట్టాను. నవ్వే ఎలుగుబంటి నైటీలో చావకూడదు అన్న ఒక్క ఆలోచన స్పష్టంగా గుర్తుంది. వచ్చింది గడియ.

బయటపడి తలుపు మూసి, కింద తడి టవలు దోపి, తక్కిన కిటికీల టేపులన్నీ పీకాను. వంటగదిది పళ్ళతో పీకాను. పళ్ళు ఇంకా నావే. తరువాత ఇంటి బయట మెట్ల మీద, దారికి అడ్డంగా కూర్చున్నాను. దగ్గు విని కింది ఆవిడ మంచినీళ్ళు తెచ్చింది. సారా అయినా బాగుండేదమ్మగారూ అంది. డాక్టరును పిలవనా అంది. వద్దన్నాను. ఊపిరి కుదుటపడింది. పొమ్మన్నాను. ఇది పిచ్చుకకు నేనే చెప్పవలసిన మాట.

లిఫ్టు తలుపు తెరుచుకుంది. పిచ్చుక ఒక్కతే, భర్త దాన్ని దింపి మందుల షాపుకు వెళ్ళాడు. అక్కడే ఆగు అని అరిచాను. క్లాసులో తప్ప వాడని గొంతు.

వెనిగర్ నువ్వే పోశావు కదా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను. నీకు చెప్పకుండా బ్లీచ్ తెప్పించి పోశాను, చెడ్డ గ్యాస్ పుట్టింది, తప్పు నాది, గాలి పూర్తిగా మారేదాకా గుమ్మం దాటకు అన్నాను.

అరుస్తుందనుకున్నాను. నా కింది మెట్టు మీద కూర్చుండిపోయింది. వెనిగర్ నేను పోశాను అమ్మమ్మా, పొద్దున బాటిల్ మొత్తం పోశాను అంది. ఈయన నిన్ను గురించి అన్నది నువ్వు విన్నావేమోనని భయం వేసింది, ఆ కంపు నీది కాదని ఆయనకి చూపిద్దామనుకున్నాను అంది.

ఇద్దరమూ ఒకే పరువు కోసం ఒకే గుంటలో పోశాము.

తరువాత అది చెప్పింది. మెట్ల మీద అంతసేపు ఎవరూ రాలేదు. ఈ ఇంట్లో చేరినప్పుడు బొద్దింకల మందు తనే కొట్టిందట. బాత్రూములు యాసిడ్‌తో తోమింది. తలుపులకు వార్నిష్ వేయిస్తూ పక్కనే నిలబడింది. రెండో నెల నడుస్తున్నా తనకు తెలియలేదు. తెలిసిన రోజునుంచి మూస్తున్నాను అమ్మమ్మా, ఎన్ని మూసినా అప్పుడు పీల్చింది బయటికి రాదు కదా అంది. ఇవాళ డాక్టరమ్మను అడిగిందట. బిడ్డ చక్కగా పెరుగుతోంది, జరిగినదానికి నిన్ను నువ్వు తిట్టుకోకు అందట ఆవిడ. గ్యారంటీ ఇస్తారా అంటే నవ్విందట. నువ్వు చెప్పు, ఏం కాదు అని నా మీద ఒట్టేసి చెప్పు అంది.

నోటి నిండా ఆ రెండు మాటలు ఉన్నాయి. రోజుకు పదిసార్లు అన్న మాటలే.

తెలియదు అన్నాను.

క్లాసులో ఎన్నడూ అనలేదు ఈ మాట. ఇంట్లో అసలే లేదు. డాక్టరు చూసింది, బాగుంది అంది, అంతవరకు తెలుసు, ఆ పైన నాకు తెలియదు పిచ్చుకా, నీ ఫోనుకూ తెలియదు అన్నాను.

నా ప్లాస్టరు మీద తల పెట్టి ఏడ్చింది. ఇన్నాళ్ళూ నువ్వు ఏం కాదు, ఏం కాదు అంటూంటే, నువ్వు నా మాట వినడమే లేదనుకున్నాను అంది. కాసేపటికి తల ఎత్తి, పాపిట అంతా తెల్లబడింది అమ్మమ్మా, బాగుంది అంది. అబద్ధం. ఒప్పుకున్నాను.

జూలై 22

ప్లంబరు వచ్చాడు. గోడ వెనక పైపు పగిలిందట. వాసన అక్కడిది. పిచ్చుక భర్త నాకు క్షమాపణ చెప్పబోయాడు. అమ్మమ్మగారూ, నేను ఆ రోజు, అంటూ ఆగిపోయాడు. ఆ సంగతి నాకు తెలియదే అన్నాను. నిన్న నేర్చుకున్న మాట, ఇవాళే అబద్ధానికి వాడేశాను.

జూలై 24

టేపులు మళ్ళీ వేసింది. వంటగదికీ, ఆ రోజు గ్యాస్ పోవడానికి భర్త విప్పిన బాత్రూముకూ. నా గదికి మాత్రం వేయలేదు.

జూలై 31

వంటగది టేపు తనే తీసింది. సాయంత్రం కాయిల్ పొగ వచ్చింది. కిటికీ మూసింది. పొగ పోయాక తెరిచింది. మూయడం, తెరవడం. నేను చూస్తూ కూర్చున్నాను, ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం ఎంత కష్టమైన విద్యో.

సబ్బు మీద మూడో పేరు గురించి మళ్ళీ అడిగింది. పుస్తకం చూసి చెబుతాను అన్నాను.

ఆగస్టు 20

ప్లాస్టరు తీశారు. చెయ్యి సన్నగా, పాలిపోయి, ఎవరిదో లాగుంది. నా సామాను ఉన్న కవరు మూతి విప్పకుండా పిచ్చుక తిరిగి ఇచ్చింది. కాన్పయ్యాక బిడ్డను మొదట నీ ఇంటికే తీసుకొస్తాను అంది. రమ్మన్నాను. కారులో దారంతా అద్దం దించే ఉంచాను.

ఆగస్టు 21

నా ఇల్లు. నా బల్బు. బీరువా తెరిచాను, నాఫ్తలీన్ గుప్పుమంది. ఊపిరి బిగబట్టాను. కిటికీలన్నీ తెరిచి, వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఎవరూ రావలసినది లేదు, ఇంకా నాలుగు నెలలు.