చక్రాలు నేలకి తగిలేదాకా

బంగారుతల్లికి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ మేమిద్దరం కులాసా. అక్కడ నువ్వూ కులాసాయేనని, వేళకి తింటున్నానని రాశావు. సరే, నమ్మాను.

నువ్వు చేసిపెట్టి వెళ్ళిన రిమోట్ విమానం సరిగ్గా దిగుతోందా అని అడిగావు. ఎక్కడ దిగడం? తోక వేలాడేసి, గాల్లో కాసేపు తటపటాయించి, ధబీమని పడేది. నువ్వు రాసినట్టే రెక్కల కింద రెండు వేళ్ళు పెట్టి ఎత్తితే తోక కిందికి వాలిపోయింది. వంటింటి బల్ల దగ్గర కూర్చుని బ్యాటరీని ముక్కువైపు కొంచెం కొంచెం జరిపాను. ఉన్నట్టుండి అది ఎటూ ఒరక్కుండా వేలికొసల మీద తిన్నగా నిలబడింది. ఎంత ఆశ్చర్యమేసిందో చెప్పలేను. ఊపిరి బిగబట్టి చూస్తూ ఉండిపోయాను, పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

మీ నాన్న సంగతి తెలిసిందే కదా. స్టాపు అల్లంత దూరంలో ఉండగానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి, బస్సుని దొర్లించుకుంటూ తెచ్చి ఆపడం ఆయనకి గొప్ప. విమానానికీ అదే మర్యాద. మైదానం దగ్గర పడగానే మోటారు ఆపేసేవారు. చక్రాలు నేలకి తగిలేదాకా కాస్త పవరు ఉంచమన్నావని చదివి వినిపిస్తే, "నాకు నేర్పుతుందా?" అని నవ్వారు. రెక్క రెండోసారి విరిగాక మాత్రం, అతికిస్తూనే, ఈసారి విరిగితే అటక మీద పడేస్తానన్నారు. జబ్బు చేసి ఉద్యోగం మానాక ఆయన్ని గడప దాటించింది ఆ విమానమొక్కటే.

ఇక నీకు చెప్పకుండా దాచింది చెప్తాను. నాన్న చెయ్యి బాగైపోయిందని రాశాను కదా, కాలేదమ్మా. నువ్వు బెంగపడతావని అలా రాశాను. మొన్న ఆదివారం విమానం పైకి లేచాక ఆయన ఎడమ బొటనవేలు బిగుసుకుపోయింది. రిమోట్‌లో పవరు పుల్ల ఎడమవైపేగా. "ఇది నువ్వు పట్టుకో" అన్నారు మెల్లగా. ఒక్క రిమోట్‌ని ఇద్దరం పట్టుకున్నాం. మిక్సీ వెయ్యడానికే జంకే మనిషిని నేను.

అది మలుపు తిరిగి దిగుతుంటే, "తీసెయ్" అన్నారు. తగ్గించాను గానీ పూర్తిగా తియ్యలేదు. "తీసెయ్ అంటుంటే" అని గొంతు పెంచారు. నువ్వు రాసిన మాటే పట్టుకుని అలాగే ఉంచాను. అది సన్నగా మూలుగుతూ, రెక్కలు తిన్నగా పెట్టుకుని గడ్డి మీదికొచ్చింది. చక్రాలు ఎప్పుడు ఆనాయో కూడా తెలియలేదు. అప్పుడు తీశాను. ఆకాశంలో ఉన్నదాన్ని ఈ చేతులతో దించామంటే, ఇది రాస్తుంటే కూడా ఒళ్ళు పులకరిస్తోంది.

మోటారు చప్పుడు పోల్చుకోలేని మనిషా ఆయన? తిడతారనే అనుకున్నాను. వెళ్ళి విమానాన్ని ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసి, రెక్కకంటిన గడ్డి తుడిచి నా చేతికిచ్చారు.

"రేపు కూడా వద్దాం" అన్నారు. నాలుగడుగులు వేశాక వెనక్కి తిరగకుండానే, "రేపు కూడా నా మాట వినకు" అన్నారు.

ఇట్లు,
మాట వినని
మీ అమ్మ